సగంలో నిలిచిన ముల్లు

నేను ఒక పాత కారును. పాత అంటే మీ తాతగారు నిక్కర్లు వేసుకున్న కాలం నాటి పాత. నన్ను కన్న కంపెనీ పేరు మాత్రం అడక్కండి. నేను చేసిన పనికి వంశం పేరు బయటపెట్టి పెద్దల పరువు తీయడం నాకిష్టం లేదు. ప్రస్తుతం బెజవాడ శివార్లలో ఒక పెద్దమనిషి కట్టించిన పాత కార్ల ప్రదర్శనశాలలో, ఎడమవైపు వరసలో మూడోదాన్ని. చుట్టూ ఎర్ర తాడు కట్టారు. పిల్లలు చేయి వేయబోతే కాపలా మనిషి గదమాయిస్తాడు. వచ్చినవాళ్ళందరూ "అబ్బ, ఎలా మెరుస్తోందో!" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. ఎందుకు సిగ్గో చెబుతాను. చెప్పుకుంటే గాని నా బరువు దిగదు.

పుట్టింది సముద్రాల అవతల. దిగింది మద్రాసు రేవులో. మొదట ఉప్పు శాఖలో ఒక దొర నన్ను కొన్నాడు. దారికడ్డమొచ్చిన గేదెలకు ఇంగ్లీషులో చీవాట్లు పెట్టడం తప్ప ఆయన నాతో చేసిందేమీ లేదు. ఆయన తన దేశం వెళ్ళిపోతూ బందరులో ఒక డాక్టరుకు అమ్మాడు. ఆ డాక్టరు రోగుల నాడికన్నా నా ఇంజను నాడే ఎక్కువగా చూసేవాడు. ఆయన దగ్గర నుంచి ప్లీడరు వెంకటప్పయ్యగారు కొన్నారు. ఆయనకు తోలడం రాదు. వాడుకోవడం తెలియని వస్తువును ముచ్చటపడి కొనడం మనుషులకు మొదటినుంచీ ఉన్న జబ్బే కదా. చివరికి ఆయన పెద్దకూతురు దమయంతి, పదిహేడేళ్ళ పిల్ల, పమిట నడుముకు బిగించి కూర్చుని నన్ను కదిలించింది. మొదటిరోజు కోర్టు గోడకు గుద్దింది. రెండో రోజు గుద్దలేదు. మూడో రోజునుంచి ప్లీడరుగారు వెనకసీటులో దర్జాగా కూర్చుంటే, కక్షిదార్లు కేసులు వదిలేసి మమ్మల్ని చూడటానికి బయటకొచ్చేవాళ్ళు.

ప్లీడరుగారు పోయాక అక్కచెల్లెళ్ళిద్దరికీ పంపకాలు చేశారు. చెల్లెలు విశాలాక్షి అప్పటికి ఇంకా చిన్నపిల్ల. ఇల్లూ నగలూ దాని పేర పెట్టండి, నాకు నాన్న కారు చాలు అని దమయంతి పెద్దమనుషుల ముందే చెప్పేసింది. అప్పటికి ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో భూగోళం టీచరు. నన్ను ఆవిడ చూసుకున్న తీరు చెబితే మీరు నమ్మరు. బందరు ఉప్పుగాలి ఇనుమును ఏడాది తిరక్కుండా తినేస్తుంది. అలాంటి ఊళ్ళో నాకు ఒక్క తుప్పు మచ్చ లేదు. ఆవిడ రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే కాఫీ కూడా తాగకుండా, ముందు కిరసనాయిలు గుడ్డతో, తర్వాత కొబ్బరినూనె గుడ్డతో నన్ను తుడిచేది. ఒకసారి ఏలూరు నుంచి పెళ్ళిచూపులకొచ్చారు. పెళ్ళికొడుకు ఫలహారం పూర్తిచేసి, పెళ్ళయ్యాక ఈ కారు అమ్మేస్తారుగా అన్నాడు. మీరు వేరే సంబంధం చూసుకుంటారుగా అంది ఈవిడ. ఆ తర్వాత ఇంకెవరూ రాలేదు. నా మూలానే ఆవిడకు పెళ్ళి కాలేదని ఊరంతా అనుకుంది. నా పాపాల్లో అది చిన్నది.

పెద్దది చెబుతాను వినండి.

నా కళ్ళెదుట, అంటే చక్రం వెనకాల, చిన్న గాజుబిళ్ళ కింద పెట్రోలు ముల్లు ఒకటుంది. ట్యాంకులో ఎంత ఉందో చెప్పడం దాని పని. ఒక ఏడు అది చచ్చుబడిపోయింది. ట్యాంకులో తేలాల్సిన బెండు పుచ్చిపోయిందట, తీగ కాలిపోయిందట, అలాంటివి ఇప్పుడెక్కడా దొరకవట. ఈ సంగతి చెప్పింది లింగాచారి. ఈయన చిలకలపూడి కంసాలి. ఇంట్లో అందరూ గిల్టు నగలు చేసుకుంటుంటే, తను మాత్రం కార్ల మీద మోజుతో రోడ్డు పక్కన షెడ్డు వేసుకున్నాడు. దొరకని భాగాలను కంసాలి పనిముట్లతోనే తయారుచేసేవాడు. నా కీలుకు కావలసిన చిన్న మరమేకును కూడా ముక్కుపుడక చేసినంత ఓపిగ్గా చేసేవాడు. అలాంటి చేయి నా ఒంటిమీద మళ్ళీ పడలేదు.

ముల్లు ఇక లేవదు, ఎప్పుడు చూసినా అడుక్కే ఉంటుంది అని ఆయన అంటే దమయంతికి మనసొప్పలేదు. ఎక్కినవాళ్ళు చూసి, ఈవిడ కారు ఎప్పుడూ ఖాళీయే అని నవ్వుకోరూ అంది. కొత్త ముల్లు చేసి సగంలో అతికించమంది. నిండుగా పెడితే గొప్పలకు పోయినట్టుంటుంది, సగమైతే మర్యాదగా ఉంటుంది అంది. మర్యాద కోసం మనుషులు ఏం చేస్తారో చూడండి. లింగాచారి తల గోక్కున్నాడు.

"ఇది అబద్ధమాడే ముల్లు అమ్మగారూ. తెలియనివాళ్ళ చేతిలో పడితే కొంప మునుగుద్దండి."

"దీనిమీద నా చేయి తప్ప ఇంకో చేయి పడదు. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు. నాకు మాటివ్వు."

ఆయన మాటిచ్చాడు. రాగితో సన్నటి ముల్లు చేసి, చిలకలపూడి పద్ధతిలో బంగారు పూత పెట్టి, సరిగ్గా సగంలో అతికించాడు. అసలు లెక్క చూసుకోవడానికి దమయంతి ఒక వెదురుపుల్ల తయారుచేసుకుంది. దానికి ఎర్రదారంతో గుర్తులు చుట్టింది. నా సీటు కింద దాచి, రోజూ సాయంత్రం అటూ ఇటూ చూసి, ఎవరూ లేనప్పుడు ట్యాంకులో ముంచి తీసేది. దొంగకు దోవ చూపించినట్టు నేనూ సహకరించాను. ఆ బంగారు ముల్లు పెట్టుకుని ఎంత మురిసిపోయానో! ఎండపడితే తళుక్కుమనేది. అబద్ధమైనా అందంగా ఉంటే ఎవరికి చేదు?

మూడేళ్ళు గడిచాయి. విశాలాక్షికి ఇరవైరెండు వచ్చాయి. ఆ పిల్ల గొంతు గురించి చెప్పాలి. ఖంగుమనేది. ఒక్క అక్షరం నలిగేది కాదు. పొద్దున్నే వీధి అరుగు మీద పేపరు పైకి చదివితే, ఎదురింటి ముసలాయన తన పేపరు మడిచి పక్కన పెట్టి వినేవాడు. విజయవాడ రేడియోలో వార్తలు, ప్రకటనలు చదివే ఉద్యోగానికి రాస్తే, ఫలానా రోజు పదకొండు గంటలకు గొంతు పరీక్షకు రమ్మని ఉత్తరం వచ్చింది. ఇంట్లో పండగే. బస్సులో వెళ్తే దుమ్ముకు గొంతు పట్టేస్తుంది, కారులోనే వెళ్ళాలి అని దమయంతి పట్టుబట్టింది. తీరా అదే రోజు ఆవిడకు పబ్లిక్ పరీక్షల డ్యూటీ పడింది. సెలవు లేదు. మేనత్త కొడుకు రంగనాథం తీసుకెళ్తానన్నాడు. అతనికి లారీ ఆఫీసుంది. నన్ను చూసినప్పుడల్లా "అట్టపెట్టె" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఆవిడకు నాకంటే ఎక్కువ మండేది.

ముందురోజు సాయంత్రం పరీక్ష కాగితాల కట్టలు వచ్చి, దమయంతి వెదురుపుల్ల ముంచడం మరిచిపోయింది. పొద్దున్న రంగనాథం వచ్చి, దబ్బున కూర్చుని, గాజుబిళ్ళలోకి తొంగిచూశాడు.

"సగం ఉందే, చాలు. ఫర్వాలేదు వదినా, నీ అట్టపెట్టెలో ముల్లు కూడా పనిచేస్తోంది!"

ఆవిడ నోరు తెరిచింది. నేను చూశాను. ఆ ముల్లు బొంకు, సీటు కింద పుల్ల తీసి చూడు అనడానికే తెరిచింది. కానీ అన్నేళ్ళలో ఆ మనిషి నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. బుధవారం పోయించానుగా, మధ్యలో గూడూరు దాకా వెళ్ళొచ్చినా ఇంకా బెజవాడకు సరిపోతుందిలే అని మనసులో లెక్క కట్టుకుంది. బడి గంట వినపడింది. తెరిచిన నోటితో జాగ్రత్తగా వెళ్ళిరండి అని మాత్రం అంది. నాకు తెలుసు, సరిపోదని. నా పొట్టలో ఏముందో నాకు తెలియదా? కానీ నాకున్న నోరల్లా ఆ ముల్లే, అది సగం సగం అంటూ మెరుస్తూ కూర్చుంది.

విశాలాక్షి వెనకసీటులో ఆ రోజు పేపరు పైకి చదువుతూనే ఉంది. వానల కబురు, మిరప ధర, ఎక్కడో వంతెన ప్రారంభం. కాలువగట్టు మీద పోయేవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. పామర్రు దాటిన కాసేపటికి నేను మూడుసార్లు దగ్గి ఆగిపోయాను. రంగనాథం ముల్లు చూశాడు, సగం ఉంది. కాబట్టి పెట్రోలు కాదు, ఇంకేదో అనుకున్నాడు. ఇంజను మూత తెరిచాడు. గొట్టాలు ఊదాడు. ప్లగ్గులు విప్పి తుడిచాడు. గంటంబావు నా గుండె, ఊపిరితిత్తులు అన్నీ వెతికాడు పాపం. ఆఖరికి అటుగా పోతున్న లారీ ఆయన దిగి, కంపచెట్టు పుల్ల విరిచి ట్యాంకులో ముంచి తీశాడు. పొడిపుల్ల పొడిగానే వచ్చింది.

విశాలాక్షి ఏదో బస్సు పట్టుకుని వెళ్ళేసరికి రెండున్నర. పరీక్ష ముగిసింది. ఆరునెలల తర్వాత మళ్ళీ పెడతాం, రమ్మన్నారు. ఆ ఆరునెలల్లో తెనాలి సంబంధం కుదిరి పెళ్ళయింది. ఇంటికోడలి గొంతు ఊరందరి రేడియోల్లో మోగడమేమిటి అంది అత్తగారు. అంతే. ఆ పిల్ల గొంతు ఆ తర్వాత యాభై ఏళ్ళు అన్నానికి పిలవడానికే పనికొచ్చింది.

నేను ఆగిపోయిన ఆ రోజు సాయంత్రం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా ఇనుము చల్లబడుతుంది. రంగనాథం నన్ను లారీకి కట్టి లాక్కుని, మండిపడుతూ వచ్చాడు. ముల్లు ఎవరు బాగుచేశారని అడిగాడు. లింగాచారి అంది దమయంతి. పక్కన గోడకానుకుని విశాలాక్షి, ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది.

"అది పనిచేయదని నీకు చెప్పాడా, చెప్పలేదా?"

దమయంతి చెల్లెలి ముఖం చూసింది. నన్ను చూసింది.

"చెప్పలేదు" అంది.

ఒక్క మాట. అంత చిన్న మాట.

మర్నాడు నన్ను లింగాచారి షెడ్డు దాకా తోయించుకెళ్ళారు. చక్రం పట్టుకుని కూర్చున్నది దమయంతే. అక్కడ ఇంకో నలుగురు కార్ల వాళ్ళున్నారు. వాళ్ళందరి ముందూ రంగనాథం లింగాచారిని నిలబెట్టి కడిగేశాడు. గిల్టు గాజులమ్ముకునే బుద్ధి ఎక్కడికి పోతుంది, గిల్టు ముల్లు పెట్టి బాగైందని నమ్మించావు, ఒక ఆడపిల్ల బతుకు నాశనం చేశావు అన్నాడు. లింగాచారి ఒక్కసారి దమయంతి వైపు చూశాడు. ఆవిడ చక్రం మీది తన చేతులను చూసుకుంటోంది. ఆయన చేతిలోని పనిముట్టు కింద పెట్టాడు.

"తప్పైపోయింది బాబుగారూ" అన్నాడు.

కంసాలికి తల్లి బంగారమైనా ఒకటే అని మనవాళ్ళకొక పాడు సామెత ఉంది కదా, ఆ వారమంతా ఊళ్ళో అదే వినపడింది. ఆయనకు గిల్టాచారి అని పేరు పెట్టారు. ఏడాది తిరిగేసరికి షెడ్డు మూతపడింది. ఆయన మళ్ళీ చిలకలపూడిలో గాజులకు పూత పెట్టుకునే పనిలోకి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి దమయంతి నన్ను ఇంకో మనిషి చేత ముట్టించలేదు. పుస్తకాలు చదివి, తనే మరమ్మతులు నేర్చుకుంది. టీచరుగారు కారును కన్నబిడ్డలా చూసుకుంటారని ఊరు మెచ్చుకుంది. పేపరువాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. అది ప్రేమ కాదని నేననను. ప్రేమే. కానీ చిలకలపూడి వైపు ఎప్పుడు పనిపడినా ఆవిడ చుట్టూ తిరిగి వేరే దారిన తోలేది. నన్నంతా తుడిచి, చివర ఆ గాజుబిళ్ళ దగ్గరకొచ్చేసరికి కళ్ళు మూసుకుని తుడిచేది. ముల్లు పీకి పారేయవచ్చు కదా? పారేయలేదు. నేనూ, ఆవిడా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని కాపురం చేశాం.

విశాలాక్షి భర్త పోయాక, నాలుగేళ్ళ కింద అక్క దగ్గరికే వచ్చేసింది. ఇద్దరూ ముసలమ్మలు. మొన్న వేసవిలో ఈ ప్రదర్శనశాల పెద్దమనిషి నన్ను చూడటానికొచ్చాడు. తను పోయాక నన్నెవరు తుడుస్తారన్న బెంగతో దమయంతే పిలిపించింది. ఆయన అద్దాలు సర్దుకుని అంతా చూసి, ముల్లు దగ్గర ఆగాడు. ఇది అచ్చంగా విలాయతీ పనితనం, ఇంత సన్నటి పని మనవాళ్ళ వల్ల కాదండీ అన్నాడు.

"అయింది. లింగాచారి చేశాడు" అంది దమయంతి. యాభై రెండేళ్ళలో ఆ పేరు ఆవిడ నోట వినడం నాకదే మొదలు.

మర్నాడు పొద్దున్న చెల్లెల్ని కారెక్కమంది. తనకు ఎనభైమూడు, నాకు డెబ్బైపైన, ఇద్దరి కాగితాలకూ గడువు దాటిపోయింది. కదిలేముందు చెల్లెలి కళ్ళెదుటే సీటు కిందనుంచి వెదురుపుల్ల తీసి, ట్యాంకులో ముంచి, ఎర్రదారం దగ్గర తడి చూపించింది.

"ఇదేంటక్కా?"

"అసలు ముల్లు ఇది. మొదటినుంచీ నాకు తెలుసు విశాలా. సగంలో పెట్టమన్నది నేనే. ఎవరికీ చెప్పొద్దన్నదీ నేనే."

విశాలాక్షి అరవలేదు. ఏడవలేదు. ఎక్కి కూర్చుంది. కోనేరు సెంటరు దాటాక నోరు విప్పింది.

"నా ఉద్యోగం సంగతి పోనీ అక్కా. ఆ ఆచారిని నేను రోజూ తిట్టుకున్నాను. పొయ్యి ముందు కూర్చున్నప్పుడల్లా వాడి చేతులు పడిపోనూ అని తిట్టుకున్నాను. యాభై ఏళ్ళ తిట్లు. అవన్నీ ఇప్పుడు ఎక్కడికి పోవాలి?"

దమయంతి నన్ను ఇన్నేళ్ళూ తప్పించుకు తిరిగిన చిలకలపూడి దారిలోకి తిప్పింది.

లింగాచారి ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చూపు దాదాపు పోయింది. నేను వీధి మలుపులో ఉండగానే తలెత్తాడు. టీచరుగారి బండి కదూ, రెండో సిలిండరు తడబడుతోంది అన్నాడు. యాభై రెండేళ్ళ తర్వాత వచ్చినా నా చప్పుడు గుర్తుపట్టాడు. నేను అక్కడే విరిగి ముక్కలైతే బాగుండుననిపించింది.

దమయంతి అరుగు కింద నిలబడింది. ఎక్కి కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆచారిగారూ" అంది. ఎప్పుడూ నువ్వు అని పిలిచిన మనిషి, గారు అంది. తను ఆ రోజు అబద్ధమాడానని, ప్రదర్శనశాలలో నా పక్కన పలక మీద ఆ మాట నలుగురికీ తెలిసేలా రాయిస్తానని చెప్పింది. లింగాచారి తల అడ్డంగా ఊపాడు.

"ఎందుకమ్మగారూ ఇప్పుడు? అన్నీ పోయినయ్యి. మీకిచ్చిన మాట ఒక్కటే నా దగ్గర మిగిలింది. దాన్ని కట్టుకునే ఇన్నేళ్ళూ కూర్చున్నా. ఇప్పుడు మీరే విప్పేస్తే, నేను ఇన్నాళ్ళు నోరు మూసుకున్నదానికి అర్థమేముందండీ?"

ఆవిడ ముఖం పాలిపోయింది. క్షమిస్తాడనో, తిడతాడనో అనుకుని వచ్చింది గాని ఇలా అడుగుతాడనుకోలేదు. అప్పుడు లోపలినుంచి ఆయన కొడుకు వీరబ్రహ్మం బయటికొచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. పూత పెట్టే పనిలో వేళ్ళు నల్లబడి ఉన్నాయి.

"నీకక్కర్లేకపోతే నాకు కావాలి నాన్నా. బళ్ళో నన్ను గిల్టుగాడి కొడుకనేవాళ్ళు. నా పిల్లల్నీ అన్నారు. రాయించండమ్మా. పెద్దక్షరాలతో రాయించండి."

లింగాచారి కొడుకు గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేంరా అన్నాడు. నువ్వు మాత్రం చెప్పావా అన్నాడు కొడుకు. ఇక ఆయన కాదనలేదు.

నేను ఇక్కడికొచ్చిన నెలకు పలక పెట్టారు. పెట్టిన రోజు నలుగురూ వచ్చారు. ముల్లు కిందికి దించమంటారా అని పెద్దమనిషి అడిగితే, దమయంతి వద్దంది. పలక మీద ఏముందో తనకు చదివి వినిపించమన్నాడు లింగాచారి. వీరబ్రహ్మం జేబులో కళ్ళద్దాలు వెతుక్కుంటున్నాడు. తను చదువుతానని దమయంతి ముందుకొచ్చింది. విశాలాక్షి అక్కను పక్కకు జరిపి, నిటారుగా నిలబడి చదివింది.

"ఈ కారు పెట్రోలు ముల్లు పనిచేయదు. దీన్ని చేసిన పనివారు చిలకలపూడి లింగాచారిగారు. దీన్ని సగంలో నిలిపించింది నేను. ఎవరికీ చెప్పవద్దని ఆయన దగ్గర మాట తీసుకుంది నేను. ఆయన నాకు చెప్పలేదని అబద్ధమాడింది నేను. ఆయన మాట తప్పలేదు. ఇట్లు, దమయంతి, భూగోళం టీచరు."

ఒక్క అక్షరం నలగలేదు. హాలు ఆ చివరిదాకా ఖంగుమంది. అవతల కార్లు చూస్తున్నవాళ్ళు కూడా ఆగి ఇటు తిరిగారు. లింగాచారి తల పంకిస్తూ విన్నాడు. కాపలా మనిషి చేతులు కట్టుకుని దగ్గరకొచ్చాడు. "అమ్మగారు రేడియోలో పనిచేసేవారాండీ?" అని అడిగాడు.

"లేదు నాయనా" అంది విశాలాక్షి. "వెళ్తుంటే దారిలో బండి ఆగిపోయింది."